పాలు పడినాయా అక్కా?

రాత్రి రెండు దాటింది. హిందూపురంలో ఒక ఆసుపత్రి వార్డు. మీరు గోడవార బెంచీ మీద కూర్చున్నారు. ఏప్రిల్ నెల. పైన ఫ్యాను వేడిగాలినే మళ్లీ మళ్లీ తిప్పుతోంది. అందరి వీపులూ చెమటకు తడిసి ఉన్నాయి. నాలుగో మంచం మీదున్న ఆమె మాత్రం స్వెట్టరు వేసుకుని, మెడదాకా దుప్పటి లాక్కుని వణుకుతోంది.

నర్సు బీపీ చూసింది. 70/50. పట్టీ విప్పి మళ్లీ కట్టి చూసింది. అంతే. వేలు గుచ్చి చక్కెర చూస్తే 54.

మంచం కాళ్ల దగ్గర కూతురు నిలబడి ఉంది. ఇంటర్ రెండో సంవత్సరం చదివే పిల్ల. చేతిలో ప్లాస్టిక్ కవరు, దాని నిండా చీటీలు. "నాలుగు దినాల నుంచి జ్వరం సార్. నిన్నట్నుంచి నీళ్లు తాగినా వాంతే. సాయంత్రం నుంచి పలకరిస్తే సరిగ్గా పలకడం లేదు."

డ్యూటీ డాక్టరు చిన్నవాడు, ముప్పై కూడా ఉండవు. కవరు తీసుకుని మంచం అంచున కూర్చుని ఒక్కో చీటీ తిప్పుతున్నాడు. మీరు ఆయన భుజం మీదుగా తొంగి చూడొచ్చు. రక్తహీనత, ఐరన్ మాత్రలు. నీరసం, సెలైను, బలానికి సూదులు. మళ్లీ నీరసం. ఒకచోట దిగులు తగ్గడానికి మాత్రలు. థైరాయిడ్ పరీక్షలు మూడుసార్లు. మూడుసార్లూ టీఎస్‌హెచ్ మామూలుగానే ఉంది, పక్కన నార్మల్ అని సున్నా చుట్టి ఉంది. నెల కిందటి చీటీలో మాత్రం ఎవరో ఫ్రీ టి4 కూడా రాశారు. అది బాగా తక్కువ వచ్చింది. వెంటనే థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టారు, 100 మైక్రోగ్రాములు.

"ఆ మాత్ర వేసుకున్నాక నయమైందా?"

"లేదు సార్. ఇంకా పడిపోయింది."

డాక్టరు చీటీలు పక్కన పెట్టాడు. ఆమె ముఖంలోకి చూశాడు. నలభై ఏళ్ల ముఖం మైనంలా పాలిపోయింది. కళ్ల చుట్టూ, పెదాల చుట్టూ సన్నటి ముడతలు, నలిగిన పల్చటి కాగితంలా. కనుబొమలు చివర్లలో రాలిపోయాయి. థర్మామీటరు పెట్టడానికి నర్సు చెయ్యి ఎత్తింది. చంకలో వెంట్రుకలన్నవే లేవు. ఆయన కాసేపు అలాగే ఉండి, ఆమె చెవి దగ్గరకు వంగాడు.

"అక్కా, ఈ పాప పుట్టినప్పుడు కాన్పు యాడైంది?"

"ఇంట్లోనే సార్."

"రక్తం బాగా పోయిందా?"

"చానా పోయింది. రెండు చీరలు, ఒగ బొంత తడిసిపోయినాయంట. నాకు తెలివి లేదు."

"పాలు పడినాయా అక్కా?"

ఆమె కళ్లు తెరిచింది. 18 ఏళ్లలో ఆ మాట అడిగిన డాక్టరు ఈయనే.

"లేదు సార్. ఒగ చుక్క గూడా. ఆవుపాలతోనే పెంచినాం."

"మళ్లీ ముట్టు వచ్చిందా?"

"రాలేదు. ఇంగ పిల్లలు వద్దనుకున్నాంలే, మంచిదే అయిందనుకున్నా."

డాక్టరు లేచి నిలబడ్డాడు. ఒక గొట్టంలో రక్తం తీయించి కార్టిసాల్ అని రాసి పక్కన పెట్టించాడు. ఫలితం కోసం ఆగలేదు. హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాములు నరంలోకి ఎక్కించమన్నాడు. సెలైను, దాంతోపాటు గ్లూకోజు. థైరాయిడ్ మాత్ర ఇప్పటికి ఆపమన్నాడు. కూతురి చేతిలోని కవరు తీసుకుని, మొదటి పేజీ మీద పెద్ద అక్షరాలతో ఒక మాట రాశాడు: షీహన్ సిండ్రోమ్.

ఆమెకు పేరు పెట్టడం లేదు. వైద్యపుస్తకాలు దాదాపు వందేళ్లుగా పదేపదే రాస్తున్న కథను ఒక్క మనిషిలో కూర్చి మీకు చూపిస్తున్నాను. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల పల్లెల్లో ఈ కథ ఎవరికి వర్తిస్తుందో వాళ్లకు ఈ పేజీ చేరాలన్నదే నా ఆశ.

తెల్లవారుతోంది. చింతపండు మార్కెట్టుకు పోయే బండ్ల చప్పుడు కిటికీలోంచి వినబడుతోంది. బీపీ 100కు వచ్చింది. ఆమె దుప్పటి పక్కకు తోసింది. ఎనిమిది గంటలకు కూతురి చెయ్యి పట్టుకుని, "ఆకలైతాంది మే, సంగటి దొరుకుతాదా?" అంది. ఆ పిల్ల ఏడ్చేసింది. అమ్మ నోట ఆకలి అన్న మాట ఎప్పుడు విన్నదో ఆ పిల్లకు గుర్తు లేదు.

కార్టిసాల్ లేని శరీరానికి కార్టిసాల్ అందితే ఇలాగే ఉంటుంది. ఆసుపత్రుల్లో ఇంత త్వరగా మనిషిని లేపి కూర్చోబెట్టే మందులు కొన్నే ఉంటాయి.

ఇప్పుడు ఆమె తల లోపలికి పోదాం. ముక్కు మొదలు వెనక, రెండు కళ్ల నడుమ నుంచి నేరుగా లోపలికి పోతే పుర్రె అడుగున ఎముకలో చిన్న గుంత తగులుతుంది. గుర్రపు జీను ఆకారంలో ఉంటుంది. ఆ గుంతలో శనగగింజంత గ్రంథి, బరువు సుమారు అర గ్రాము. మన పాఠ్యపుస్తకాలు దాన్ని పీయూష గ్రంథి అంటాయి. పీయూషమంటే అమృతమని అందరికీ తెలుసు. కొత్తగా ఈనిన ఆవు తొలి పాలను కూడా పీయూషమే అంటారు. ఆ పేరెవరు పెట్టారో గానీ, ఈమె జబ్బు మొదట బయటపడింది ఆ తొలి పాల దగ్గరే.

గర్భంతో ఉన్నప్పుడు ఈ గ్రంథి మూడో వంతుకు పైగా పెరుగుతుంది. పాల హార్మోను తయారీకి సిద్ధమవుతుంటుంది. గ్రంథి పెరుగుతుంది గానీ రక్తం పారే దారి మాత్రం పెద్దది కాదు. పైగా దాని ముందు భాగానికి వచ్చే రక్తం నేరుగా గుండె నుంచి వచ్చే ఉరవడి రక్తం కాదు. పైనున్న హైపోథలమస్‌లో ఒకసారి పారి, ఒత్తిడి తగ్గాక, సన్నటి సిరల గుండా కిందికి దిగుతుంది. సీమ రైతుకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. కాలువలో నీళ్లు తగ్గితే మొదట ఎండేది చివరి మడి. కాన్పులో రక్తం ఆగకుండా పోయి బీపీ పడిపోయినప్పుడు శరీరంలో ఆ చివరి మడి పీయూష గ్రంథి. కొన్ని గంటల్లో కణాలు చచ్చిపోతాయి. లివర్‌పూల్‌లో పనిచేసిన హెరాల్డ్ షీహన్ అనే వైద్యుడు 1937లో దీన్ని వివరంగా రాశాడు. అందుకే ఆయన పేరు.

చచ్చిన గ్రంథి అరవదు. నొప్పి ఉండదు. పాలు పడవు, ఊళ్లో నలుగురూ నాలుగు మాటలంటారు, ఆవుపాలు పట్టిస్తారు, అక్కడికి ఆ సంగతి ముగుస్తుంది. ముట్టు రాదు, పనుల్లో పడి ఎవరూ పట్టించుకోరు. ఏళ్లు గడిచేకొద్దీ చలి, మలబద్ధకం, మాట నెమ్మదించడం. అవి థైరాయిడ్‌కు ఆజ్ఞ అందకపోవడం వల్ల. నీరసం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, బరువు తగ్గడం. అవి కార్టిసాల్ లేకపోవడం వల్ల. ఇలా పదేళ్లు, ఇరవై ఏళ్లు సాగుతుంది. అన్నేళ్లూ ఈమె మార్కెట్టు దగ్గర షెడ్డులో కూర్చుని, మిగతా ఆడవాళ్లతోపాటు చింతపండు గింజలు తీస్తూ కూలి చేసింది. పక్కనున్న వాళ్లు పది కిలోలు తీసేలోగా ఈమె ఆరు తీసేది. సోమరి అన్నారు. ఆ మాట రాస్తుంటే నాకు కోపమూ దుఃఖమూ రెండూ వస్తున్నాయి. ఒంట్లో కార్టిసాల్ దాదాపు లేకుండా 18 ఏళ్లు కూలికి పోయిన మనిషి సోమరా?

ఇలాంటి వాళ్లు ఎందరుంటారు? 2005లో కాశ్మీరు వైద్యులు ఇరవై ఏళ్లు దాటిన తల్లుల మీద చేసిన అధ్యయనం ఒకటి అచ్చయింది. అక్కడ నూటికి సుమారు ముగ్గురిలో ఈ జబ్బు ఉండొచ్చని లెక్క తేలింది. వాళ్లలో ఎక్కువ మందికి ఇంట్లోనే కాన్పయింది. మన రాష్ట్రంలో ఇప్పుడు కాన్పులు దాదాపు అన్నీ ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96కు పైగా. బిడ్డ బయటపడగానే తల్లికి ఆక్సిటోసిన్ సూది వేస్తారు, గర్భాశయం ముడుచుకుని రక్తం ఆగుతుంది. ఆ ఆక్సిటోసిన్ కూడా పీయూష గ్రంథి వెనక భాగం నుంచి వచ్చే హార్మోనే. దాన్ని కృత్రిమంగా తయారు చేసినందుకు విన్సెంట్ డు విన్యో అనే శాస్త్రవేత్తకు 1955లో నోబెల్ బహుమతి వచ్చింది. గ్రంథి నుంచి వెలువడే ఆ హార్మోను సూదిగా సమయానికి అందితే గ్రంథినే కాపాడుతుంది. ఈమె కాన్పు రాత్రి ఆ సూది ఆ ఇంట్లో లేదు.

మూడో రోజు. ఫలితాలు వచ్చాయి. కార్టిసాల్ 1.2. జ్వరంతో, వాంతులతో పడి ఉన్న మనిషిలో అది ఇరవై దాటి ఉండాలి. ఫ్రీ టి4 తక్కువ, టీఎస్‌హెచ్ మామూలు. డాక్టరు మంచం పక్కకు స్టూలు లాక్కున్నాడు. మీరూ దగ్గరికి జరగండి, ఈ మాటలు వినాల్సినవి.

"టీఎస్‌హెచ్ అంటే తలలోని గ్రంథి గొంతులోని థైరాయిడ్‌కు రాసే జాబు. థైరాయిడ్ చెడిపోతే పైనుంచి జాబుల మీద జాబులు వస్తాయి, టీఎస్‌హెచ్ పెరుగుతుంది. మీకు చెడింది థైరాయిడ్ కాదు, జాబు రాసే చెయ్యి. అందుకే ఆ అంకె చూసి అందరూ బాగుందనుకున్నారు."

"మరి థైరాయిడ్ మాత్ర వేసుకుంటే ఎందుకు పడిపోయింది సార్?" కూతురి ప్రశ్న.

"పొయ్యిలో కట్టెలు లేకుండా గాలి ఊదినట్టు. థైరాయిడ్ మాత్ర ఒంటి వేగాన్ని పెంచుతుంది, మిగిలిన కొద్దిపాటి కార్టిసాల్‌ను కూడా తొందరగా ఖర్చు చేయిస్తుంది. రెండూ లేనివాళ్లకు ముందు కార్టిసాల్ ఇవ్వాలి. అది కుదిరాకే థైరాయిడ్. ఆ వరస తప్పకూడదు."

ఈ ఒక్క మాట కోసమే ఈ వ్యాసం మొత్తం రాయొచ్చు. పీయూష గ్రంథి దెబ్బతిన్న మనిషికి ముందు స్టెరాయిడ్, తర్వాత థైరాయిడ్. తర్వాత కూడా మోతాదు సరిపోయిందో లేదో ఫ్రీ టి4 చూసి తేల్చాలి. టీఎస్‌హెచ్ చూసి తేల్చితే మోసపోతాం.

ఎమ్మారై ఫిల్ము కిటికీకి ఎదురుగా పట్టుకున్నాడు. జీను ఆకారపు గుంత కనబడింది. గింజ ఉండాల్సిన చోట నీళ్లు.

కూతురు చాలాసేపు ఆ ఫిల్మునే చూసింది. తర్వాత మెల్లగా అడిగింది. "అయితే నా వల్లేనా సార్?"

వార్డులో ఎవరో దగ్గుతున్నారు. డాక్టరు ఫిల్ము కిందికి దించాడు. "నీ వల్ల కాదు. ఆగని రక్తం వల్ల. ఆపేవాళ్లు లేకపోవడం వల్ల. నువ్వు పుట్టావు గాబట్టి ఈ రోజు ఈమెను ఇక్కడికి తెచ్చినావు." ఆమె చెయ్యి చాచి కూతురి జడ సర్దింది. ఏమీ అనలేదు.

పది రోజుల తర్వాత. హిందూపురం స్టేషన్లో ధర్మవరం వైపు పోయే ప్యాసింజరు ఎక్కారు తల్లీ కూతుళ్లు. ధర్మవరంలో ఆమె తమ్ముడి ఇల్లు. కొన్నాళ్లు అక్కడ కోలుకోవాలి. మీరు ఎదురు సీట్లో ఉన్నారు. ఆమె ఒళ్లో గుడ్డసంచి, అందులో మందులు. ఉదయం లేవగానే హైడ్రోకార్టిసోన్ 10 మిల్లీగ్రాములు, మధ్యాహ్నం 5, సాయంత్రం 5. రాత్రి వద్దు, నిద్ర పట్టదు. మామూలు మనిషి ఒంట్లోనూ కార్టిసాల్ తెల్లవారుజామునే ఎక్కువ, రాత్రికి తక్కువ. మాత్రలు ఆ తీరునే అనుసరిస్తాయి. కొందరికి దీని బదులు రోజుకొకసారి ప్రెడ్నిసొలోన్ రాస్తారు. అది చవక, ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. హైడ్రోకార్టిసోన్ మాత్రలు చిన్న ఊళ్ల షాపుల్లో అన్నివేళలా ఉండవు, అందుకే నెలకు సరిపడా ముందే కొని పెట్టుకున్నారు. థైరాయిడ్ మాత్ర ఈ వారమే మళ్లీ మొదలైంది, చిన్న మోతాదుతో. పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి, తర్వాత అరగంట నుంచి గంటదాకా కాఫీ టీలు వద్దు.

మలుగూరు దాటింది. చాకర్లపల్లి. కోతలైపోయిన చేలు ఎర్రగా, ఖాళీగా పరుచుకుని ఉన్నాయి. జూలైలో ఇక్కడ వేరుశనగ వేస్తారు. ఈ చేలల్లో రక్తపింజర కూడా ఉంటుంది. కాటు తిని, సూదిమందుతో బతికి బయటపడ్డవాళ్లలో కొందరికి కూడా ఇదే గ్రంథి దెబ్బతింటుంది. విషం రక్తాన్ని చెడగొట్టి, గ్రంథిలో రక్తస్రావమో రక్తం అందకపోవడమో జరుగుతుంది. 1987లో బర్మా వైద్యులు దీన్ని షీహన్ జబ్బుతో పోల్చి రాశారు. దక్షిణ భారతంలోనూ ఇలాంటి రోగులను చూశారు. పాము కరిచిన రైతు ఏడాది తర్వాత కూడా బలం రాలేదంటే, గడ్డం గీసుకునే పని తగ్గిపోయిందంటే, అది భయమో దిగులో అని వదిలేయకూడదు.

పక్క సీట్లో తెల్ల పంచె పెద్దాయన చాలాసేపటి నుంచి సంచిలోని మందులు చూస్తున్నాడు. అట్ట మీద పేరు చదివాడు. "ఏమ్మా, ఇది స్టెరాయిడ్ గదా? అదంతా విషం తల్లీ. ఎముకలు పిండైపోతాయి, మొగం ఉబ్బుతాది. మానేసి, రాగులు తిను, కొర్రలు తిను."

ఆమె చెయ్యి సంచి మీద బిగుసుకుంది. కూతురి ముఖం తెల్లబోయింది. పెద్దాయన మంచి మనసుతోనే అన్నాడు. మన ఊళ్లలో ఈ మంచి మాట వినే కొందరు మాత్ర మానేస్తారు. తర్వాత వచ్చే మొదటి జ్వరానికే ప్రాణం మీదికి వస్తుంది.

కిటికీ పక్కన కూర్చున్న కుర్రవాడు తల తిప్పాడు. ఇరవై ఆరేళ్లుంటాయి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోని కార్ల ఫ్యాక్టరీలో పని, షిఫ్టుకు పోతున్నాడు. "అక్కా, మానొద్దు" అన్నాడు. పర్సు తీసి ప్లాస్టిక్ కవరు అతికించిన చిన్న కార్డు బయటికి లాగాడు. తెలుగు, కన్నడం, ఇంగ్లీషు మూడింట్లోనూ రాసి ఉంది: నేను స్టెరాయిడ్ మీద ఆధారపడిన రోగిని. స్పృహ లేకుండా కనబడితే, ప్రమాదం జరిగితే, వాంతులు ఆగకపోతే వెంటనే హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాములు ఇవ్వండి.

"మూడేండ్ల కింద బండి నడుపుతుంటే పక్కనుంచి వచ్చేటివి కనబడేటివి కావు అక్కా. ఎదురుగా బాగనే కనబడేది. రెండుసార్లు పడినా. కండ్ల డాక్టరు పక్కచూపు పరీక్ష చేసి, తలకు ఎమ్మారై తీయమన్నాడు. ఆ గ్రంథిలో గడ్డ. పైనున్న కంటినరాన్ని ఒత్తుతాంది."

"తల కోసినారా?" ఆమె అడిగింది.

"లేదక్కా, ముక్కులో నుంచే తీసేసినారు, బెంగళూర్లో. గడ్డ పోయింది, గ్రంథి కొంత దెబ్బతినింది. పొద్దున లేస్తూనే మాత్ర. నాకు రాత్రి షిఫ్టు పడితే సాయంత్రం లేచినప్పుడే పొద్దున మాత్ర. మన శరీరానికి మనం లేచిందే పొద్దు." కాసేపాగి మళ్లీ అన్నాడు. "ఆపరేషన్ అయినాక కొన్నాళ్లు బిందెలు బిందెలు నీళ్లు తాగేవాణ్ణి, అంతే పోసేవాణ్ణి. దానికో మాత్ర ఉంది, డెస్మోప్రెసిన్. అది వేసుకున్నాక దాహం లేకున్నా నీళ్లు తాగకూడదంట, రక్తంలో ఉప్పు పడిపోతాదంట."

పెద్దాయన అడిగాడు, "మరి స్టెరాయిడ్ మంచిది కాదు అంటారు గదప్పా?"

"కుండ నిండా నీళ్లుంటే ఇంకా పోస్తే పొర్లుతుంది తాతా. మాది ఎండిన కుండ. అంచుదాకా నింపుకుంటున్నాం, అంతే."

ఇంతకన్నా తేటగా నేను చెప్పలేను. మంచి ఒళ్లు రోజూ చేసుకునే కార్టిసాల్‌కు సరిసాటి మోతాదే హైడ్రోకార్టిసోన్ 15 నుంచి 20 మిల్లీగ్రాములు. ఎముకలు పిండయ్యేది, ముఖం ఉబ్బేది అంతకు మించిన మోతాదు నెలల తరబడి వాడినప్పుడు. అలా వాడితే ఇంకో నష్టం కూడా ఉంది: బయటినుంచి ధారాళంగా వస్తోందని పీయూష గ్రంథి నిద్రపోతుంది. ఒక్కసారిగా ఆపితే ఆ మనిషి కూడా ఈమెలాగే కుప్పకూలుతాడు. పెద్దాయన తన సంచిలోంచి మోకాళ్ల నొప్పుల పొట్లం తీసి చూపించాడు. పేరు లేని తెల్ల మాత్రలు, వేసుకున్న గంటకే పరిగెత్తాలనిపిస్తుందట. కుర్రవాడు వాటిని చేతిలో తిప్పి చూసి, "తాతా, వీటిల్లో స్టెరాయిడ్ ఉందేమో డాక్టరును అడుగు. నీకు నువ్వుగా ఒక్కసారిగా మాత్రం ఆపొద్దు" అన్నాడు. పేరు లేని మాత్ర ఎవరిచ్చినా వేసుకోకండి. ఇప్పటికే నెలల తరబడి వేసుకుంటున్నవాళ్లు డాక్టరు చెప్పిన లెక్క ప్రకారమే తగ్గించండి.

పెనుకొండ వచ్చింది. కొండ మీద కోటగోడలు ఎండలో మెరుస్తున్నాయి. 1565లో తళ్లికోట యుద్ధం ఓడి, హంపి పాడుబడ్డాక విజయనగర రాజులు రాజధానిని ఈ కొండ కిందికే తెచ్చుకున్నారు. కుర్రవాడు దిగుతూ వెనక్కి తిరిగాడు. "జ్వరమొస్తే మాత్ర రెండింతలు అక్కా. మర్చిపోవద్దు." ఆమె కూతురు కార్డు నమూనాను ఫోనులో ఫోటో తీసుకుంది అప్పటికే.

అతను చెప్పిన ఆ మాట విడమరచాలి. మంచి శరీరం జ్వరం వచ్చినప్పుడు, కాలు విరిగినప్పుడు, ఆపరేషన్ అయినప్పుడు తనంతట తాను కార్టిసాల్ పెంచుకుంటుంది. ఈమె శరీరం పెంచుకోలేదు. మనం పెంచాలి. జ్వరమొస్తే రోజు మాత్రలు రెండింతలు, జ్వరం బాగా ఎక్కువైతే మూడింతలు, తగ్గేదాకా రెండు మూడు రోజులు. తర్వాత మళ్లీ మామూలు మోతాదు. వాంతులై మాత్ర కడుపులో నిలవకపోతే ఇంట్లో ఆగకూడదు, 100 మిల్లీగ్రాముల సూది పడాలి. పన్ను పీకించుకునే ముందు కూడా డాక్టరుకు చెప్పాలి. శివరాత్రి ఉపవాసమైనా మాత్ర మానకూడదు. రంజాన్ ఉపవాసాలు ఉండాలనుకునే వాళ్లు నెల ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి, కొందరు ఉండకూడదు.

ప్రశాంతి నిలయం స్టేషన్లో బండి ఆగింది. ఆ కుర్రవాడిలా గడ్డ ఉన్నవాళ్లకు దారులున్నాయి. పుట్టపర్తిలో సత్యసాయి ఉన్నత వైద్యశాల 1991లో తెరిచారు. అదే సంస్థ బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో 2001లో తెరిచిన ఆసుపత్రిలో మెదడు శస్త్రచికిత్సలు కూడా ఉచితం. బెంగళూర్లో నిమ్హాన్స్ ఉంది. హార్మోన్ల వైద్యులైతే తిరుపతి స్విమ్స్‌లో, హైదరాబాదు నిమ్స్‌లో ఉన్నారు. పేదవాళ్ల ఆపరేషన్ల కోసం పెట్టిన ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో అప్పటి మన అనంతపురం జిల్లా ఒకటి. ఆపరేషన్ అవసరమైతే ఆ ప్రభుత్వ పథకం సంగతి ఆసుపత్రిలో అడిగి కనుక్కోండి. అన్ని గడ్డలకూ కత్తి అక్కర్లేదు. కాన్పు లేకుండానే రొమ్ముల్లో పాలు కారి, ముట్టు ఆగిన ఆడవాళ్లలో ఉండే ప్రొలాక్టిన్ గడ్డ, వారానికి రెండుసార్లు వేసే కాబెర్గొలిన్ మాత్రతోనే చాలామందిలో కరిగిపోతుంది. దాన్ని గడ్డ అని తేల్చే ముందు వాంతులకు వాడే డొంపెరిడోన్ లాంటి మాత్రలేమైనా వాడుతున్నారేమో అడగాలి. అవి కూడా ప్రొలాక్టిన్‌ను పెంచుతాయి.

ధర్మవరం. తమ్ముడి ఇంట్లో మగ్గం చప్పుడు వీధిలోకే వినబడుతోంది. గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడతను. పడుగు ఎర్రది, పేక పసుపు, అంచుకు జరీ. అక్కను చూసి చెయ్యి ఆపాడు. మరదలు పరిగెత్తుకొచ్చి, "వదినా, మొగంలో రక్తం కనబడుతాంది!" అంది.

అన్నం తిన్నాక తమ్ముడు అడిగాడు. "అక్కా, నీ కాలేయం బాగుందంట, గుండె బాగుందంట, థైరాయిడ్ గూడా చెడలేదంట. మరి ఏం చెడినట్టు?"

ఆమె లేచి మగ్గం దగ్గరికి పోయింది. పైన జకార్డ్ పెట్టె నుంచి వేలాడుతున్న రంధ్రాల అట్టల గొలుసు పట్టుకుంది. "ఇది తెగిపోతే?"

"దారం ఉంటాది, నాడె ఆడుతాది, బుటా మాత్రం పడదు."

"నాకూ అంతే. అట్టలు తెగిపోయినాయి. డాక్టరు ఒక్కో అట్ట చేత్తో అందిస్తాండాడు, రోజూ."

"ఎన్నాళ్లు?"

"బతికినన్నాళ్లు."

తమ్ముడు ఏమనుకున్నాడో గానీ గోడ మీది క్యాలెండరు తీసుకుని, పెన్సిలుతో తేదీకి మూడు గీతలు పెట్టడం మొదలుపెట్టాడు. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం. మాత్ర పడగానే ఒక గీత కొట్టేయాలి. మేనకోడలు పక్కనే ఎర్రసిరాతో రాసింది: జ్వరమొస్తే రెండింతలు. వాంతులైతే 108.

రెండు నెలలకు ఇంకో మాత్ర చేరుతుంది, ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరోన్ కలిసినది. ఆ మాట చెప్పినప్పుడు ఆమె సిగ్గుపడింది. ఈ వయసులో మళ్లీ ముట్టా? డాక్టరు నవ్వలేదు. ఇరవై రెండేళ్లకే ఆగిపోయిన ముట్టు అది. అన్నేళ్లు ఆ హార్మోను లేక ఎముకలు పలుచబడ్డాయి. సహజంగా ముట్టు ఆగే వయసు, సుమారు యాభై దాకా, వేరే అడ్డు లేకుంటే అందివ్వాలి. ఎదుగుదల హార్మోను పెద్దవాళ్లకు అందరికీ అవసరం ఉండదు, ఖరీదు కూడా ఎక్కువ. పిల్లల సంగతి వేరు. బడి వరసలో ఏటా ముందే నిలబడుతూ, ఏడాదికి నాలుగు సెంటీమీటర్లు కూడా పెరగని పిల్లను తొందరగా చూపించాలి. ఎముకల చివర్లు మూసుకుపోయాక ఆ హార్మోను సూదులు ఎత్తు పెంచలేవు.

జూలై వచ్చింది. హిందూపురంలో అదే షెడ్డు. చింతపండు కాలం అయిపోయింది, మిగిలిన సరుకు శుభ్రం చేస్తున్నారు. మీరు గడప దగ్గర నిలబడి చూడండి. ఆమె ఒంటి మీద స్వెట్టరు లేదు. నుదుటి మీద చెమట ఉంది. పక్కనున్న పిల్ల, నాలుగు నెలల కిందటే కాన్పయిన పిల్ల, ఎందుకో నీరసంగా గోడకు ఆనుకుంది. ఆమె చేతిలో పని ఆపి, ఆ పిల్ల వైపు వంగి అడుగుతోంది.

"కాన్పులో రక్తం బాగా పోయిందా మే? పాలు పడినాయా?"

మీ ఇంట్లోనూ అడగండి. అమ్మను, అత్తను, పిన్నిని, ఇంటి పనికి వచ్చే ఆమెను. కాన్పులో రక్తం పోయి, పాలు పడక, ముట్టు మళ్లీ రాని మనిషి ఎవరైనా ఉంటే, ఉదయం ఎనిమిది గంటలకు కార్టిసాల్, ఫ్రీ టి4 పరీక్షలు రాయమని డాక్టరును అడగండి. కార్టిసాల్ ఫలితం చూడకుండా థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టనివ్వకండి.